వల కన్ను పెద్దది చెయ్యమంటే ఎవరు వింటారు?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా తీరంలో ఓ చిన్న పల్లె. డిగ్రీ అయ్యాక నాన్నతో వేటకి వెళ్తున్నాను. వేలెడంత కానాగంతలు (మాకెరెల్ చేపలు) కూడా వలలో వచ్చేస్తున్నాయి. కొనేవాళ్ళు లేక గంపలకొద్దీ కోళ్ళ మేతకి పోతున్నాయి. కన్ను పెద్దగా ఉన్న వలలు వాడదామంటే, ‘నువ్వు వదిలేస్తే పక్కోడు పడతాడు’ అంటున్నారు. ఊళ్ళో ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: తమ్ముడూ, పక్కోడి మాట ఎత్తినవాళ్ళు తప్పేం అనలేదు. సముద్రానికి గట్లు లేవు కదా. ఒక్కడు వల మారిస్తే ఆ ఒక్కడి గంపే తేలికవుతుంది. కనీసం మీ రేవులో దిగే పడవలన్నీ కలిసి మారాలి.

మత్స్యశాఖలో చేరిన కొత్తలో నేనూ ఈ పనికే దిగాను, అదీ మైకు పెట్టి. రామాలయం ముందు షామియానా, గోడకి చేపల బొమ్మలు, గంటసేపు ఉపన్యాసం. టీ అయిపోగానే సగం మంది లేచిపోయారు. వెనకనుంచి ఓ ముసలాయన, ‘బాబూ, ఉన్న వల అప్పే తీరలేదు, కొత్త వల ఎవరు కొంటారు?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు మైకు మానేసి కాటా పట్టుకుని రేవుకి వెళ్ళాను.

నువ్వూ అక్కడే మొదలుపెట్టు. పడవ దిగిన గంపలోంచి కిలో పిల్ల కానాగంతలు తూచి, ఎన్ని ఎక్కాయో అందరి ముందూ లెక్కపెట్టు. 14 సెంటీమీటర్ల కానాగంత 30 గ్రాములు తూగితే గొప్ప. అదే చేప 22 సెంటీమీటర్లకి ఎదిగితే 100 గ్రాములకి అటూ ఇటూగా ఉంటుంది. ముప్పై చేపలు ఎక్కాల్సిన కిలోకి పది చాలు. పైగా ఆ పదికీ బేరం వేరు. తర్వాత చిన్నదాని పొట్ట చీల్చి చూపించు, జన (గుడ్ల ముద్ద) కనబడదు. ఒక్కసారైనా గుడ్లు పెట్టకుండానే గంపలోకి వచ్చేసింది. ఇది మగవాళ్ళ కంటే గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే ఆడవాళ్ళకి ముందు అర్థమవుతుంది. ఏ సైజు ఎంతకి పోతుందో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. మీ అమ్మనీ పిన్నినీ వెంటబెట్టుకోకుండా ఊరి పెద్దల దగ్గరికి వెళ్ళకు.

కేరళలో కొన్ని చేపలకి కనీస సైజు ఇంత అని 2015లోనే నిబంధన పెట్టారు. కవళ్ళకి (సార్డీన్ చేపలకి) 10, కానాగంతకి 14 సెంటీమీటర్లు. మన దగ్గర బాగా నడుస్తున్నది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం. ఇంజను లేని తెప్పలని వదిలేస్తే మిగతా పడవలన్నిటికీ ఒకటే మాట. పైగా 2025 నుంచి ఆ రోజులకి కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తున్నారు. అది సరిపోతుందా అంటే సరిపోదు. కానీ అందరూ ఆగారన్న నమ్మకం, చేతిలో ఎంతో కొంత డబ్బు, ఈ రెండూ ఉంటేనే మనిషి ఆగుతాడు. వల సంగతీ అంతే.

అందుకని ఉన్న వల పారెయ్యమని ఎవరికీ చెప్పకు. పాతది చిరిగి కొత్తది కొనేటప్పుడు మాత్రం పెద్ద కన్నుదే కొనాలని ఊరి పెద్దల చేత కట్టు పెట్టించు. ఆ ముసలాయనకి చెప్పాల్సిన జవాబు ఇదేనని నాకు ఆరేళ్ళ తర్వాత తట్టింది, అప్పటికి ఆయన లేడు.

ఇంకొకటి. తీరానికి 8 కిలోమీటర్ల లోపు మర బోట్లు రాకూడదు. వాటిని వదిలేసి మీ చిన్న పడవలనే దిద్దబోతే ఎవరూ నీ మాట వినరు. వచ్చిన బోటు నంబరు, తేదీ, టైము రాసిపెట్టుకుని మత్స్యశాఖలో కాగితం ఇవ్వండి. సముద్రం మీద తగాదాకి మాత్రం దిగకండి. 2022 జనవరిలో విశాఖలో, చేపల గుంపుని చుట్టేసి పట్టే రింగు వలల గొడవ పడవలు తగలబెట్టుకునే దాకా వెళ్ళింది. రెండు వైపులా మనవాళ్ళే.

ప్రశ్న: వలలో తాబేలు పడి కదలకుండా ఉంటే చచ్చిందని తిరిగి నీళ్ళలో పడేస్తున్నాం. సరైనదేనా?

జవాబు: కాదు. చాలాసార్లు అది ఊపిరాడక స్పృహ తప్పి ఉంటుంది, అలాగే పడేస్తే నిజంగానే మునిగి చస్తుంది. పడవలో పొట్ట కిందికి ఉండేలా పడుకోబెట్టి, వెనక భాగం జానెడు ఎత్తులో ఉండేలా కింద ఏదైనా పెట్టండి, ఊపిరితిత్తుల్లోంచి నీళ్ళు బయటికి కారిపోతాయి. తడిగుడ్డ కప్పి నీడలో ఉంచండి. తేరుకోవడానికి గంటలు పట్టొచ్చు, కాళ్ళు గట్టిగా ఆడిస్తున్నప్పుడు ఇంజను ఆపి మెల్లిగా వదలండి. వల చుట్టుకుంటే వల కన్ను కొయ్యండి, తాబేలు రెక్క లాగకండి. మా నాన్న వల కన్ను కోసేసి, శ్రీకూర్మం వైపు తిరిగి ఓ దండం పెట్టి, ఆ సాయంత్రమంతా వల కుట్టుకుంటూ దాన్నే తిట్టేవాడు.