వోల్టేజి తిప్పేముందు గాలిలో తేమ చూడు

అమ్మాయీ,

మందు నింపి, మీద కణాలు పెంచే షీట్ల కోసం ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో, అంటే ఎక్కువ వోల్టేజితో పాలిమర్ ద్రావణాన్ని సూదిలోంచి సన్నటి పోగులుగా లాగే పద్ధతిలో, తీస్తున్న పోగుల నిండా పూసల్లాంటి ఉబ్బులే వస్తున్నాయని, వోల్టేజి ఎంత పెంచినా పోవడం లేదని రాశావు. పూసలు కడితే ముందు అనుమానించాల్సింది ద్రావణం పలచనైందేమోనని. 80,000 అణుభారమున్న పీసీఎల్ (పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్) 1.2 గ్రాములు తూచి, క్లోరోఫాం, మెథనాల్ మూడుకు ఒకటి పాళ్లలో కలిపిన 10 మి.లీ.లో రాత్రంతా స్టిర్రర్ మీద ఉంచు. మూత బిగించకపోతే క్లోరోఫాం ఆవిరై, తెల్లారేసరికి ద్రావణం నువ్వు అనుకున్నదానికంటే చిక్కబడుతుంది. గాజు సిరంజే వాడు. ప్లాస్టిక్ సిరంజిలో రబ్బరు ఉబ్బి పంపు నడక తప్పుతుంది. 22 గేజి మొండి సూది, పంపు గంటకు 1 మి.లీ., సూది నుంచి పోగులు చేరే కలెక్టర్‌కు 15 సెం.మీ., 12 నుంచి 15 కిలోవోల్టులు. ఇక్కడ మొదలుపెట్టి సూది కొసన ద్రావణపు శంకువు నిలకడగా నిలిచేదాకా సరిచెయ్యి. చుక్కలు కారితే పంపు తగ్గించు, శంకువు సూదిలోకి పోతే వోల్టేజి తగ్గించు.

ఈ లెక్కలు ఏ పేపర్లోనైనా దొరుకుతాయి. చెన్నై గాలి సంగతే వాటిలో ఉండదు. క్లోరోఫాం ఆవిరయ్యేటప్పుడు పోగు పైభాగం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద పడుతుంది. ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) ఫొటోలో పోగు ఒళ్లంతా గుంటలు కనిపిస్తే అదే కారణం. గుంటలు చెడ్డవని కాదు. పొద్దున తీసిన షీటులో లేకుండా, మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక తీసిన షీటులో ఉంటేనే చిక్కు: రెండింట్లోంచి మందు ఒకేలా విడుదల కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో మరీను. ఛాంబరు మూసి, డీహ్యూమిడిఫయర్ ముందే నడిపి, తేమ 40–50 శాతం మధ్య ఉంచు. ఏసీ గాలి నేరుగా తగిలితే పోగు పక్కకు కొట్టుకుపోతుంది. గాలి మరీ పొడిబారితే సూది కొసన ద్రావణం గడ్డకడుతుంది. దాన్ని తుడిచేముందు కరెంటు ఆపి, ఎర్త్ కడ్డీని సూదికి తాకించు. ఇందులో మొహమాటం, తొందర రెండూ వద్దు. తేమ ఎంతుందో ప్రతి షీటు ఫాయిల్ అంచునే రాసి పెట్టు.

మందును ద్రావణంలో ఊరికే కలిపితే చాలావరకు పోగు పైపైనే చేరి, మొదటి రోజే బయటపడుతుంది. నీళ్లలో కరిగే మందుకు ఇది ఇంకా ఎక్కువ. నెమ్మదిగా రావాలంటే కోయాక్సియల్ సూదితో (ఒక సూదిలో ఇంకో సూది) మందు లోపల, పీసీఎల్ బయట ఉండేలా తియ్యాలి. అయితే ఒక్క సూది చెప్పిన మాట వినేదాకా దాని జోలికి వెళ్లకు. విడుదల కొలిచేటప్పుడు షీటు మునిగిన పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు నీళ్లు) లోంచి 1 మి.లీ. తీసి 1 మి.లీ. కొత్తది పోస్తావు కదా, తీసినదాంట్లోని మందును కూడా లెక్కలో కలుపు. కలపకపోతే చివర్లో గ్రాఫు కిందికి దిగుతుంది.

కణాలు వేసేముందు షీటును రెండు రోజులు వాక్యూమ్‌లో ఆరబెట్టు. మిగిలిన క్లోరోఫాం కణాలను చంపితే నింద మందు మీద పడుతుంది. క్రిములు చంపడానికి ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో వేడిచేసే యంత్రం) మాటే వద్దు, పీసీఎల్ 60 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మందు లేని షీటును 70 శాతం ఇథనాల్‌లో అరగంట ముంచి, పీబీఎస్‌తో కడుగు. మందున్నదాన్ని ముంచితే మందంతా ఇథనాల్‌లోకే పోవచ్చు. దానికి రెండు వైపులా యూవీ పెట్టు, మందు యూవీకి తట్టుకుంటుందో లేదో ముందే చూసుకుని.

కణాలు పైనే పరుచుకుని లోపలికి దిగకపోతే పోగుల మధ్య సందులు చాలడం లేదన్నమాట. రెండో సూదితో పీఈఓ (నీళ్లలో కరిగే పాలీఇథిలీన్ ఆక్సైడ్) పోగులు కలిపి తీసి, తర్వాత నీళ్లలో కరిగించెయ్యి.

ఇట్లు,
మామయ్య