చెరువులో రెండు రకాల పురుగులు, నా సీసాలో ఒకటే

"చూడ్డానికి ఒకేలా ఉండే నీటి పురుగులు రెండు మూడు రకాలు ఒకే చెరువులో ఎలా ఉంటాయి? బలమైనది రెండోదాన్ని మిగలనిస్తుందా?" అని అడిగారు. మిగలనివ్వదు, సీసాలో పెడితే. నేను పెట్టి చూశాను.

మాది నల్లగొండ పక్కన పల్లె. డిగ్రీలో జువాలజీ రికార్డు కోసం పాత దోమతెరతో మా చెరువు అంచులు దేవాను. వీపు మీద గుడ్లు మోసే గోధుమరంగు పురుగులు రెండు సైజుల్లో దొరికాయి. ఒకటి చింతగింజంత, ఇంకోటి అంతకంటే బాగా పెద్దది. గుడ్లున్నది తల్లే అనుకుని రికార్డులో 'ఆడ' అని రాస్తే సార్ ఎర్ర పెన్నుతో కొట్టేశారు. ఆడది మగదాని వీపుకు గుడ్లు అంటించి పోతుందట, మోత మగదానిది. బర్రెలు కడుగుతున్న మా కాక "కరుస్తది రా, వేలు పెట్టకు" అంటూనే ఉన్నాడు. సాయంత్రం దాకా వేలు సలిపింది.

రెండు రకాలనూ ఒకే హార్లిక్స్ సీసాలో వేశాను. తెల్లారేసరికి నాలుగు చిన్నవాటిలో మూడు పొట్టులా తేలుతున్నాయి. ఇవి నమలవు, ముక్కు గుచ్చి లోపలిదంతా కరిగించి పీల్చేస్తాయి. నాలుగోది నీళ్లతోపాటు వచ్చిన నాచు పోగు కింద నక్కి ఉంది. నా జవాబు ఆ నాచే.

చెరువులో చిన్నవి జమ్ము మొదళ్లలో దోమపిల్లలను తింటూ ఉండేవి. పెద్దవి తూము వైపు లోతులో, తోకకప్పల కోసం. హచిన్సన్ అనే శాస్త్రవేత్త సిసిలీలో ఒక నీటిగుంటలో ఇలాగే పెద్దా చిన్నా రెండు రకాల నీటి పురుగులు చూసి, ఇరవయ్యో రెండు వందలో కాకుండా రెండే ఎందుకున్నాయని 1959లో అడిగారు. పక్కపక్కన బతికే దగ్గరి జాతుల మధ్య సైజు తేడా సుమారు 1.3 రెట్లని లెక్క కూడా వేశారు. దాని మీద తర్వాత బోలెడు వాదనలు. నన్నడిగితే సైజు కన్నా దాక్కోవడానికి గడ్డి ఉండడమే ముఖ్యం.

ఆ గడ్డే ఇప్పుడు లేదు. సుందరీకరణ అంటూ జమ్మంతా పీకి, అంచు చుట్టూ రాయి పరిచి, కట్ట మీద లైట్లు పెట్టారు. సెల్ఫీలకు బాగుంటుంది లెండి. మొన్న దసరాకు వెళ్లినప్పుడు రాత్రి ఆ లైట్ల కింద రోడ్డు మీద పడ్డ పురుగులను ఏరాను. పదకొండు దొరికాయి. అన్నీ పెద్ద రకమే.