టాస్మేనియన్ డెవిల్స్‌ను కాపాడే పని: డిగ్రీకే ఆస్ట్రేలియా వెళ్లాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆస్ట్రేలియాలో టాస్మేనియన్ డెవిల్ అనే జంతువును జబ్బు నుంచి కాపాడటానికి జూలలో పెంచుతున్నారట, తనూ ఆ పనే చేస్తుందట. డిగ్రీకే అక్కడికి పంపమంటోంది. పంపాలంటే అప్పు చేయాలి. అసలు అదొక ఉద్యోగమేనా? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఉద్యోగమేనండీ. కాకపోతే ఒకటి కాదు, నాలుగైదు రకాల ఉద్యోగాలు. వాటిలో మీ అమ్మాయికి ఏది కావాలో తేలేదాకా అప్పు జోలికి పోకండి.

డెవిల్ అంటే చిన్న కుక్కంత ఉండే, కంగారూలా పిల్లల్ని సంచిలో మోసే జంతువు. 1996లో టాస్మేనియా దీవిలో వీటి ముఖాల మీద గడ్డలు కనిపించాయి. అది అంటుకునే క్యాన్సర్. తిండి దగ్గర, జతకట్టేటప్పుడు ఇవి కరుచుకుంటాయి. ఆ కాటుతో క్యాన్సర్ కణాలే ఒకదాన్నుంచి ఇంకోదానికి చేరతాయి. గడ్డ పెరిగాక చాలావరకు నెలల్లోనే చచ్చిపోతాయి. 2014లో ఇలాంటిదే రెండో రకం బయటపడింది. అందుకే జబ్బు సోకనివాటిని వేరుచేసి పెంచుతున్నారు.

ఇందులో కీపర్, అంటే జంతువుల్ని రోజూ చూసుకునేవాళ్ల పని మాంసం వేయడం, శుభ్రం చేయడం, తల్లి సంచిలో పిల్లలున్నాయేమో చూడటం. పుట్టినప్పుడు పిల్ల బియ్యపు గింజంతే. ఒక్క కాన్పులో ఇరవైకి పైగా పుట్టినా తల్లికి చన్నులు నాలుగే, కాబట్టి బతికేవి నాలుగుకు మించవు. వైద్యం వెటర్నరీ డాక్టర్లది, టీకా పరిశోధన ఇమ్యునాలజీ (రోగనిరోధక శక్తి గురించిన శాస్త్రం) వాళ్లది. నా దృష్టిలో అసలు బుర్రకు పని జతలు కుదర్చడంలో ఉంది. మనం సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు, గోత్రం అడిగినట్టే, వాళ్లు ప్రతి డెవిల్‌కూ వంశం రికార్డు, డీఎన్ఏ చూసి దగ్గర చుట్టరికం లేనివాటినే కలుపుతారు. ఇది జెనెటిక్స్, అంటే జన్యుశాస్త్రం.

పెంచినవాటిని ఎక్కడ వదలాలన్నదీ చిన్న విషయం కాదు. 2012లో మరియా దీవిలో వదిలితే డెవిల్స్ బాగానే పెరిగాయి. కానీ అప్పటికి అక్కడున్న సుమారు 3,000 జతల చిన్న పెంగ్విన్లు తుడిచిపెట్టుకుపోయాయని 2021లో పక్షి సంరక్షకులు తేల్చారు. ఈ సంగతి మీ అమ్మాయికి చెప్పి, ఏమంటుందో వినండి. దీవిలో ఏం జరిగిందో తవ్వి తెలుసుకోవాలనిపిస్తే ఆమెది ఎకాలజీ దారి, అంటే జీవులకూ వాటి పరిసరాలకూ ఉన్న సంబంధాల్ని చదివే శాస్త్రం.

నా సలహా, డిగ్రీ ఇక్కడే చేయించండి. మీకు దగ్గర్లో గన్నవరంలోనే వెటర్నరీ కాలేజీ ఉంది. ఆలిండియా కోటా సీట్లకు నీట్ ర్యాంకు కావాలి. బీవీఎస్సీ ఐదున్నరేళ్ల చదువు. డెవిల్స్ దాకా వెళ్లలేకపోయినా బతుకుతెరువుకు టెన్షన్ ఉండదు. ఆస్ట్రేలియాలో ప్రాక్టీసుకు మాత్రం వాళ్ల పరీక్ష వేరే రాయాలి. జెనెటిక్స్ అంటే ఇక్కడ ఎమ్మెస్సీ చేసి, స్కాలర్‌షిప్‌తో పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. విదేశం పంపడానికి అదీ సరైన సమయం. ఇలాంటి పని మన దగ్గరా ఉంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి అంతరించిపోతున్న జంతువుల కోసం లాకోన్స్ అనే ల్యాబ్ ఉంది. ఆ ల్యాబ్, నెహ్రూ జూ కలిసి మౌస్ డీర్ అనే బుల్లి జింకల్ని పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలాయి.

ఒక్క మాట దాచకుండా చెబుతాను. ఈ రంగంలో పోస్టులు తక్కువ, చాలావరకు ప్రాజెక్టు నిధులున్నంతకాలమే ఉంటాయి. పరీక్షలయ్యాక అమ్మాయిని మీ ఊరి పశువుల ఆసుపత్రికి కొన్నాళ్లు పంపించండి. పేడ, రక్తం, ఈగల మధ్య నిలబడగలిగితే వెటర్నరీ ఫారం నింపించండి. లేదంటే బీఎస్సీ జెనెటిక్స్ ఏయే కాలేజీల్లో ఉందో చూద్దాం.