పెంపుడు బాల్ పైథాన్‌కు (ఒక చిన్న రకం కొండచిలువకు) బతికున్న ఎలుకనే వేయాలా?

అక్కర్లేదు, ముందే చంపి ఫ్రీజ్ చేసిన ఎలుకను కరిగించి వెచ్చబెట్టి ఇస్తే సరిపోతుంది, పాముకు అదే క్షేమం కూడా. బాల్ పైథాన్ పెదవుల వెంట వేడిని పసిగట్టే చిన్న గుంటలుంటాయి. వాసన, ఒంటి వేడి, కదలిక కలిస్తే దానికి అది ఎరే. కాబట్టి కరిగిన ఎలుకను కవరుతో సహా వేడి నీళ్లలో ఉంచి, సుమారు 38 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి, పొడవాటి పటకారుతో కాస్త ఆడిస్తే చాలా పాములు టక్కున పట్టేస్తాయి. (మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, అక్కడక్కడా ఉడికిపోతుంది.)

ఆకలి లేని పాము దగ్గర బతికున్న ఎలుకను రాత్రంతా వదిలేశారనుకోండి. పాము ముడుచుకుని తల దాచుకుంటుంది, ఎలుక ఊరుకోదు. వీపు మీద చర్మం, కండ కొరికేస్తుంది. కన్ను పోవచ్చు, గాయం చీము పట్టి ప్రాణం మీదికీ రావచ్చు.

వేటాడకపోతే పాము నీరసపడుతుందని, బతికున్న ఎరలోనే బలం ఉందని చాలామంది అనుకుంటారు. కానీ సరిగా నిల్వచేసిన ఎలుకలో పోషకాలు పెద్దగా తగ్గవు. ఈ జాతి ఆరోగ్యంగా ఉండి కూడా వారాలు, ఒక్కోసారి నెలల తరబడి తినకుండా ఉండగలదు. బరువు తగ్గకుంటే కంగారుపడి బతికున్నదాన్ని వేయనక్కర్లేదు. ఎంతకూ అలవాటుపడని మొండి పాముకు తప్పక వేస్తే, పక్కనుంచి కదలకండి.