డమాస్కస్ కత్తులు చేస్తానంటున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వంటింటి కత్తులు, అదీ డమాస్కస్ ఉక్కుతో చేద్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషంరా. నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. అన్నిట్లో గీతల అందమే కనిపిస్తోంది, అంచు దగ్గర నుంచి తీసిన ఫోటో ఒక్కటీ లేదు. కత్తికి అంచు ముందు, గీత తర్వాత. పొరలు గట్టిగా అతికి, అంచు పదును నిలబెట్టుకుందంటే గీత ఎక్కడికీ పోదు.

ఒక సంగతి ముందే తెలుసుకో. నువ్వు చేయబోయేదీ, పాతకాలపు డమాస్కస్ కత్తుల ఉక్కూ ఒకటి కాదు. ఆ ఉక్కు మూసలో తయారైనది. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కాల్చి ఉక్కు ముద్దలు తీసేవాళ్లు. వాటికోసం పర్షియా వర్తకులు ఇంత దూరం వచ్చేవారని, 1820లలో ఈ ప్రాంతం తిరిగిన హెన్రీ వాయ్సీ అనే ఇంగ్లిషు డాక్టరు రాసిపెట్టాడు. ఆ ముద్దను సాగగొడితే లోపలి కార్బైడ్లు, అంటే ఇనుమూ కార్బనూ కలిసిన గట్టి రేణువులు, వరసలు కట్టి గీతలుగా తేలేవి. ఉక్కులో అతి కొద్దిగా ఉండే వెనేడియం లాంటి లోహాల వల్లే ఆ వరసలు ఏర్పడతాయని వెర్హోవెన్ అనే అమెరికా ప్రొఫెసరు, పెండ్రే అనే కమ్మరి కలిసి 1990లలో చేసి చూపించారు. ఇప్పుడు డమాస్కస్ పేరుతో అమ్ముతున్నది రెండు రకాల ఉక్కును పొరలుగా అతికించినది. 1973లో అమెరికాలో బిల్ మోరన్ అనే కత్తుల కమ్మరి ఇలాంటి కత్తులు ప్రదర్శనకు పెట్టాక ఈ పద్ధతి మళ్లీ ఊపందుకుంది. ఇదీ గొప్ప పనే. కానీ కొనేవాళ్లకు కోనసముద్రం పేరు చెప్పి అమ్మకు. ఆ పేరు మీద నాకు చాలా గౌరవం ఉంది.

ఉక్కు విషయంలో కక్కుర్తి పడొద్దు. 1095, 15ఎన్20 అనే రెండు రకాలు తీసుకో. మొదటిదాంట్లో కార్బన్ 0.95 శాతం దాకా ఉంటుంది. రెండోదాంట్లో కార్బన్ 0.75 శాతం, నికెల్ 2 శాతం దాకా ఉంటాయి. యాసిడ్‌లో ముంచితే మొదటిది నల్లబడుతుంది, నికెల్ ఉన్నది తెల్లగా మెరుస్తుంది. గీత అంటే ఇంతే. కోత మిల్లుల పాత రంపం బ్లేడ్లలో కొన్నింటికి నికెల్ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. పాత ఇనుప సామాన్ల కొట్టులో అంచనాతో కొని తెచ్చిన ముక్కతో మొదటి కత్తి చేయకు.

పలకలను రెండువైపులా మెరిసేదాకా గ్రైండింగ్ చేసి, నూనె మరక లేకుండా తుడిచి, ఒకటి మార్చి ఒకటి పేర్చు. తొమ్మిది పలకలు చాలు. అంచుల్లో వెల్డింగ్ చుక్కలు వేసి, పట్టుకోవడానికి ఒక కడ్డీ అతికించు. కొలిమిలో దొంతర ఎర్రబడగానే వెలిగారం చల్లు. అది కరిగి పారుతూ సందుల్లోకి దిగి, వేడికి ఉక్కు మీద నల్లటి పెచ్చు కట్టకుండా కాపాడుతుంది. తర్వాత తొందరపడకు. 1100 డిగ్రీలు దాటి, పైనా లోపలా ఒకే పసుపు రంగు వచ్చేదాకా నిప్పులోనే ఉంచు. నిప్పురవ్వలు చిమ్ముతున్నాయంటే ఉక్కు కాలిపోతున్నట్టే. మొదటి దెబ్బలు మెత్తగా, ఒక చివర నుంచి మొదలుపెట్టి రెండో చివరకు వేసుకుంటూ పో. కరిగిన వెలిగారం పక్కలకు చిమ్ముతుంది. అది చర్మం మీద పడితే అంటుకుని కాలుస్తుంది. కళ్లద్దాలు, తోలు ఏప్రాన్ లేకుండా దాగలి ముందు నిలబడొద్దు. దిమ్మె చల్లారుతుండగా పక్కనుంచి చూడు. పొరల మధ్య ఎక్కడైనా నల్లటి నీడ గీతలా కనిపిస్తే అక్కడ అతకలేదని అర్థం. మళ్లీ వెలిగారం వేసి, మళ్లీ కాల్చు. దాన్ని వదిలేస్తే సాన పట్టేటప్పుడు అదే చోట విడిపోతుంది.

అతికిన దిమ్మెను సాగదీసి మూడు ముక్కలు చేసి పేర్చి మళ్లీ అతికిస్తే 27 పొరలు, మళ్లీ చేస్తే 81, ఇంకోసారికి 243. వంటింటి కత్తికి అంతకుమించి అక్కర్లేదు. వందలమీద వందలు పొరలుంటే కత్తి బాగా తెగుతుందని కొందరు అంటారు. అది నిజం కాదు. ఇన్నిసార్లు కాల్చేసరికి కార్బన్ ఒక పొర నుంచి ఇంకో పొరకు పాకి దాదాపు అంతటా సమానమైపోతుంది. నికెల్ మాత్రం అంత తేలిగ్గా కదలదు కాబట్టి గీత మిగులుతుంది. జపాన్‌లో సెకి, ఎచిజెన్ అనే ఊళ్ల పనివాళ్ల కత్తులు చాలావాటిలో గీతలు పక్కలకే ఉంటాయి, కోసే అంచు మధ్యలో పెట్టిన ఒకే గట్టి ఉక్కుది. నాకు ఆ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది. చేయి కుదిరాక నువ్వూ అటు వెళ్లు.

కత్తి ఆకారం వచ్చాక అంచును సన్నగా లాగేయకు, దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉంచు. లేకపోతే నూనెలో ముంచగానే వంగుతుంది, పగిలినా పగులుతుంది. ముందు మూడుసార్లు ఎర్రగా కాల్చి గాలికి చల్లారనివ్వు, ఒక్కోసారికి వేడి కాస్త తగ్గిస్తూ. సుత్తి దెబ్బలకు పుట్టిన ఒత్తిడి దాంతో పోతుంది. తర్వాత మళ్లీ కాలుస్తూ అయస్కాంతం దగ్గర పెట్టి చూడు. అంటుకోవడం మానేశాక ఇంకాస్త వేడి, అంటే 800 డిగ్రీల దగ్గర, గోరువెచ్చకన్నా కొంచెం ఎక్కువ వేడి ఉన్న నూనెలో నిటారుగా దించు. టిక్ మని సన్నని చప్పుడు వినిపిస్తే అది పగులు. ఆ కత్తి పక్కన పెట్టేయడమే. చప్పుడు లేకపోతే ఆకురాయి అంచు మీద రుద్ది చూడు, పట్టు దొరక్క జారిపోతే గట్టిపడినట్టు. అప్పుడది గాజులా పెళుసు. ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి చల్లార్చి, ఇంకో రెండు గంటలు ఉంచు. ఈ మెట్టు దాటేసి అమ్మేవాళ్లున్నారు. నా కళ్లముందు అలా చేస్తే ఊరుకోను.

ఆ తర్వాత నీళ్లు పోస్తూ, చేతికి వేడి తగలకుండా సాన పట్టు. గీత తేల్చడానికి యాసిడ్‌లా ఉక్కును తినే ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయనాన్ని నీళ్లలో కలిపి ప్లాస్టిక్ డబ్బాలో పోసుకో. పదేసి నిమిషాలు ముంచి తీసి, నున్నటి ఎమెరీ పేపర్‌తో రుద్ది మళ్లీ ముంచు. చివరికి వంటసోడా నీళ్లలో కడుగు. గ్లవ్స్ తప్పనిసరి, ఆ నీళ్లు కాలువలో పోయకు. లేజర్‌తో పైపైన గీసిన కత్తులు చాలా అమ్ముతున్నారు. వాటిని గీకితే గీత పోతుంది, యాసిడ్‌లో ముంచినా తిరిగి రాదు. నీ కత్తి వెన్ను మీద కూడా గీత కనిపించాలి, కొనేవాళ్లకు ముందు అదే చూపించు.

ఇంకోటి, మన వంటిళ్లలో చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ లేని రోజుండదు. ఈ ఉక్కు పులుపు తగిలితే నల్లబడుతుంది, తడిగా వదిలితే తుప్పు పడుతుంది. కోసిన వెంటనే కడిగి తుడవాలని అమ్మేటప్పుడే చెప్పు. ఆవకాయ కాయల్ని టెంకతో సహా కొట్టడానికీ, ఎముకలకీ దీన్ని వాడొద్దని గట్టిగా చెప్పు, సన్నటి అంచు ముక్కలై పోతుంది. ఆ పనికి వేరే మందపాటి కత్తి చేసి ఇవ్వు.

దసరా తర్వాత ఇక్కడికి రా. వెలిగారం, బొగ్గు, నూనె నా దగ్గర ఉన్నాయి. పలకలు మాత్రం ఏ రకమో బిల్లు మీద రాసి ఉన్నవే తీసుకురా.

మీ మామయ్య