మబ్బు పట్టింది, చూడలేదు

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. టెలిస్కోపు 1608లో వచ్చిందని ఎక్కడో చదివాడు. "మరి శని, గురుడు అంతకుముందే ఎలా తెలుసు?" అని అడిగాడు. మా మామగారేమో "ఋషులకు దివ్యదృష్టి ఉండేది" అన్నారు. వాడు ఒప్పుకోలేదు. వారం రోజులుగా భోజనాల దగ్గర ఇదే వాదన. మీరైనా తేల్చండి. (ఒక గృహిణి, తెనాలి)

జవాబు: మీ మామగారితో వాదన పెంచకండమ్మా. తాతనీ మనవడినీ కలిపి ఓ రెండు నెలలు రోజూ రాత్రి డాబా ఎక్కించండి, చాలు.

బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. ఈ ఐదూ మామూలు కంటికే కనిపిస్తాయి. శుక్రుడూ గురుడూ అయితే రాత్రి ఆకాశంలోని ఏ నక్షత్రం కన్నా ఎక్కువ వెలుగుతో ఉంటారు. ఒక్క బుధుడే దొంగాట ఆడతాడు. సూర్యుణ్ణి వదిలి 28 డిగ్రీలకు మించి దూరం పోడు. అందుకని సూర్యాస్తమయం తరవాతో, తెల్లారుజామునో కాసేపు కనబడి జారుకుంటాడు. ఇన్నేళ్ళలో నేను అతన్ని నిక్కచ్చిగా చూసింది పది పన్నెండు సార్లే. కాబట్టి చూడ్డానికి దివ్యదృష్టి అక్కర్లేదు. అన్ని వందల చుక్కల్లో ఈ ఐదే వేరు అని ఎలా పసిగట్టారన్నదే అసలు సంగతి.

మా తాత కోనసీమలో వ్యవసాయం చేసేవాడు. ఇంట్లో గడియారం లేదు. వేగుచుక్క, అంటే తెల్లారుజామున కనబడే శుక్రుడు, పొడిస్తే ఎడ్లు విప్పేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు వేసవిలో పెరట్లో నులకమంచం మీద పడుకుని, "వేగుచుక్క కనబట్టంలేదేం తాతా?" అంటే, "మూఢంలోకి ఎళ్ళిందిరా. ఈసారి సందేళ పడమటేపు తేల్తది, చూస్తా ఉండు" అన్నాడు. దాదాపు రెండు నెలలకు నిజంగానే తేలింది. మూఢమని పెళ్ళి ముహూర్తాలు ఆపేస్తారు చూడండి, అదే ఇది. గ్రహం సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చి ఆ వెలుగులో కనబడకుండా పోవడం. ముహూర్తాల మాట ఎలా ఉన్నా, మూఢం అన్న మాట వెనక ఉన్నది కళ్ళతో చూసిన సంగతే.

ఫిజిక్సు చదివి, ముప్పై రెండేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన తరవాత గానీ నాకు తాత మాట విలువ తెలియలేదు. తెల్లవారుజామున తూర్పున మాయమైన చుక్కా, వారాల తరవాత సాయంత్రం పడమట తేలిన చుక్కా ఒక్కటేనని తెలియడం చిన్న విషయమా? గ్రీకులు చాలాకాలం వాటికి రెండు పేర్లు పెట్టుకున్నారు. పొద్దుటిది ఫాస్ఫరస్, సాయంత్రానిది హెస్పరస్.

బాబిలోన్ వాళ్ళు, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతం వాళ్ళు, ఇందులో అందరికన్నా గట్టివాళ్ళు. సుమారు 3,600 ఏళ్ళ కిందట అమ్మిసదూఖ అనే రాజు ఉండేవాడు. అతని కాలంలో శుక్రుడు ఏ నెల ఏ రోజున మాయమయ్యాడు, మళ్ళీ ఏ దిక్కున ఎప్పుడు కనబడ్డాడు అని 21 ఏళ్ళ లెక్క రాసిపెట్టారు. వెయ్యేళ్ళ తరవాత కూడా దాన్ని నకళ్ళు తీసుకుంటూనే ఉన్నారు. నినెవే నగరంలో అషుర్బనిపాల్ రాజు గ్రంథాలయంలో దొరికిన మట్టిపలక ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

అన్నేళ్ళు రాస్తే ఏం తేలుతుందో మీ అబ్బాయి చేత గుణించి చూపించండి. శుక్రుడు వేగుచుక్కగా పొడిచిన రోజు నుంచి మళ్ళీ అలా పొడిచే దాకా సగటున 584 రోజులు. ఐదు 584లు 2,920. ఎనిమిది 365లు కూడా 2,920. అంటే ఎనిమిదేళ్ళు తిరిగేసరికి ఇంచుమించు అదే తేదీకి, ఆకాశంలో అదే చోటికి వచ్చేస్తాడు. మధ్య అమెరికాలోని మాయా ప్రజలు కూడా ఇదే అంకె పట్టుకున్నారు. జర్మనీలో డ్రెస్‌డెన్ గ్రంథాలయంలో ఉన్న వాళ్ళ పుస్తకంలో శుక్రుడి పట్టిక ఉంది. 236 రోజులు పొద్దుటి చుక్క, 90 రోజులు మాయం, 250 రోజులు సాయంత్రపు చుక్క, 8 రోజులు మాయం. కూడి చూడండి. బాబిలోన్ వాళ్ళతో వీళ్ళకు మాటామంతీ ఏమీ లేదు.

మిగతా గ్రహాల సంగతికొస్తే, నక్షత్రాలు ఒకదానికొకటి ఎడం మార్చుకోవు. పిల్లలకోడి, అంటే కృత్తికల గుంపు, మా తాతకు ఎలా కనబడిందో నాకూ అలాగే కనబడుతోంది. ఆ కదలని ముగ్గులో ఒక చుక్క మాత్రం ఇవాళ ఒకచోట, నెల తరవాత ఇంకోచోట ఉంటే? గ్రీకులు వాటిని ప్లానెటీస్ అన్నారు, అంటే దిమ్మరులు. మన పేర్లలోనూ చూపు ఉంది. శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడు. అంగారకం అంటే నిప్పు కణిక, కుజుడి ఎరుపు చూస్తే ఆ పేరెందుకో చెప్పక్కర్లేదు. శని ఒక చుట్టు తిరగడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు పడుతుంది కాబట్టి ఒక్కో రాశిలో దాదాపు రెండున్నరేళ్ళు ఉంటాడు. మూడు రాశులు దాటడానికి ఏడున్నర. ఏలినాటి శని అంకె అక్కణ్ణుంచి వచ్చిందే. నేను జాతకాలు నమ్మను, మా ఆవిడ నమ్ముతుంది. ఆ ఏడున్నర దగ్గర మాత్రం మాకు పేచీ లేదు. గురుడికి సుమారు పన్నెండేళ్ళు, అందుకే 2003లో వచ్చిన గోదావరి పుష్కరాలు మళ్ళీ 2015లో వచ్చాయి. నిక్కచ్చిగా చెప్పాలంటే 11.86 ఏళ్ళు. ఆ చిల్లర పోగై ఎప్పుడో ఒకసారి పన్నెండు కాస్తా పదకొండు అవుతుంది. హరిద్వార్ కుంభమేళా 2010 తరవాత 2021లోనే వచ్చింది అందుకే.

రిటైరయ్యాక నాకూ ఓ సరదా పుట్టింది. 2022 అక్టోబరులో కుజుడు వృషభరాశిలో ఉన్నాడు. ఓ రెండు వందల పేజీల నోట్‌బుక్ కొని, రోజూ రాత్రి పదింటికి డాబా మీద నిలబడి, రోహిణి నక్షత్రానికి కుజుడు ఎంత ఎడంలో ఉన్నాడో రాయడం మొదలుపెట్టాను. కొలబద్ద నా చెయ్యే. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో పది డిగ్రీలు, చిటికెనవేలు అడ్డంగా పెడితే ఒక డిగ్రీ. బాబిలోన్ వాళ్ళూ ఆకాశాన్ని మూరల్లో, వేళ్ళలోనే కొలిచారు. వాళ్ళ మూరకు 24 వేళ్ళు. మన పాత లెక్కలోనూ హస్తానికి 24 అంగుళాలే.

అక్టోబరు ఆఖరుకి రోహిణికి పిడికిలిన్నర దూరంలో కుజుడు ఆగిపోయాడు. నవంబరులో వెనక్కి నడిచాడు. పంచాంగాల్లో వక్రించడం అనేది దీన్నే. జనవరి రెండో వారానికి మళ్ళీ ఆగాడు, అప్పుడు దూరం పిడికిలి కన్నా తక్కువే. ఆ తరవాత ముందుకు. నిజానికి అతను వెనక్కి నడవలేదు. భూమి అతన్ని దాటిపోతుంటే అలా కనబడుతుంది, మన బస్సు దాటేసిన ఎడ్లబండి వెనక్కి పోతున్నట్టు కనబడుతుంది కదా, అలా. మధ్యలో డిసెంబరులో వరసగా ఐదారు రోజులు ఆకాశం మూసుకుపోయింది. "మబ్బు పట్టింది, చూడలేదు" అని రాసుకున్నాను, కాస్త సిగ్గుపడుతూనే.

ఆ తరవాత బాబిలోన్ ఆకాశ డైరీల అనువాదం చదివితే నా సిగ్గు పోయింది. మాటిమాటికీ అదే మాట, "మబ్బు, చూడలేదు" అని! మనకు దొరికిన వాటిలో మొదటిది క్రీ.పూ. 652 నాటిది, ఆఖరుది క్రీ.పూ. 61 నాటిది. దాదాపు ఆరు వందల ఏళ్ళు. చంద్రుడు, గ్రహాలు ఎక్కడున్నాయో రాసి, ఆ పక్కనే ఆ నెల వెండికి బార్లీ ఎంత వచ్చింది, ఖర్జూరం ఎంత, నువ్వులు ఎంత, ఉన్ని ఎంత, యూఫ్రటీస్ నదిలో నీళ్ళు ఎంత పెరిగాయి అని రాసేవారు. క్రీ.పూ. 323 జూన్‌లో అలెగ్జాండర్ బాబిలోన్‌లోనే చనిపోయాడు. ఆ రోజు లేఖకుడు రాసింది "రాజు మరణించాడు" అని, దాని వెనకే "మబ్బులు" అని. అంతే. ఆ మనిషి ఎవరో గానీ, నాకు తెగ నచ్చాడు.

మన ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి గ్రంథంలో 43,20,000 ఏళ్ళలో శని 1,46,564 చుట్లు తిరుగుతాడన్నాడు. భాగించండి, చుట్టుకు 29.48 ఏళ్ళు. ఇవాళ్టి లెక్క 29.46. ఎనభై ఏళ్ళు బతికినవాడు కూడా శని మూడు చుట్లు పూర్తిగా చూడలేడు. కాబట్టి ఇది ఏ ఒక్కరి కంటితోనో తేలే అంకె కాదని మీ మామగారికి చెప్పండి. ఋషుల్ని తక్కువ చేశావనకుండా వింటారు.

ప్రశ్న: అంత జాగ్రత్తగా చూసినవాళ్ళు యురేనస్‌ను ఎందుకు వదిలేశారు సార్? (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: మంచి ప్రశ్న బాబూ. చీకటి బాగా ఉన్న ఊళ్ళో, కళ్ళు బాగున్నవాడికి యురేనస్ లీలగా కనబడుతుంది. కానీ అంత మసక చుక్కలు వేలు ఉంటాయి. పైగా చుట్టు తిరగడానికి 84 ఏళ్ళు, అంటే ఏడాదికి నాలుగు డిగ్రీల చిల్లర. నాలుగు చిటికెనవేళ్ళు. దాని మీదే కన్నేసి కూర్చుంటే తప్ప కదిలినట్టు తెలియదు.

1781 మార్చి 13న ఇంగ్లండులోని బాత్ నగరంలో విలియం హెర్షెల్ సొంతంగా తయారు చేసుకున్న టెలిస్కోపుతో పట్టుకున్నాడు. వృత్తికి సంగీతకారుడు. అతను కూడా మొదట తోకచుక్క అనుకున్నాడు. తమాషా ఏమిటంటే, అంతకు 91 ఏళ్ళ ముందే 1690లో ఫ్లామ్‌స్టీడ్ అనే ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త టెలిస్కోపుతో దాన్ని చూశాడు. చూసి, వృషభరాశిలో 34వ నక్షత్రం అని జాబితాలో రాసుకుని, పక్క చుక్కకు వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఫ్రాన్సులో లెమోన్యే పలుమార్లు చూశాడు. అతనూ నక్షత్రమనే రాసుకున్నాడు.