కారు ఇన్సూరెన్స్ తక్కువలో కావాలంటే ముందు చూడాల్సింది ఐడీవీ

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాం. నాలుగేళ్లు దాటిన పెట్రోల్ కారు, 1,197 సీసీ. ఇప్పటిదాకా ఒక్క క్లెయిమూ లేదు. రెన్యువల్‌కి షోరూమ్‌వాళ్లు 14,200 అంటున్నారు, తెలిసిన ఏజెంటు 9,800 అంటున్నాడు, ఆన్‌లైన్‌లో 6,600కే వస్తోంది. తక్కువది తీసేసుకోవచ్చా? జీరో డెప్ నిజంగా అవసరమా?

జవాబు:

ఆ 6,600 కొటేషన్‌లో ఐడీవీ ఎంత వేశారో చూశారా? మిగతా రెండింటికన్నా లక్ష దాకా తక్కువ ఉంటుందని నా అంచనా. ముందు ఆ గడి చూసి, తర్వాత ధర చూడండి. ఐడీవీ అంటే కారు పోయినా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా కంపెనీ మీ చేతికిచ్చే గరిష్ఠ మొత్తం. మూడు కొటేషన్లనూ ఒకే ఐడీవీ దగ్గర పెట్టి పోల్చకపోతే ఆ పోలికకు అర్థమే లేదు.

లెక్క వేసి చూపిస్తాను. మీ ప్రీమియంలో రెండు భాగాలుంటాయి. మొదటిది థర్డ్ పార్టీ, అంటే మీ కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి. ఈ భాగాన్ని ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్లలో 1,000 సీసీ లోపు కారుకి 2,094, 1,000 నుంచి 1,500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897 రూపాయలు. ఏ కంపెనీకి వెళ్లినా ఇది మారదు, కాబట్టి ‘థర్డ్ పార్టీలో మీకు డిస్కౌంట్ ఇప్పిస్తా’ అనే మాట నమ్మకండి. తేడా అంతా రెండోదైన ఓన్ డ్యామేజ్, అంటే మీ కారుకే జరిగే నష్టానికి కట్టే భాగంలోనే వస్తుంది. 2007 నుంచి దాని ధర కంపెనీల ఇష్టం. అంతకుముందున్న ఉమ్మడి రేట్ల పట్టిక, అంటే పాత టారిఫ్‌ ప్రకారం హైదరాబాద్ జోన్‌లో అయిదేళ్లలోపు, మీ సీసీ కారుకి ఐడీవీ మీద 3.283 శాతం. మూడున్నర లక్షల ఐడీవీకి 11,490 రూపాయలు. కంపెనీ 60 శాతం డిస్కౌంట్ ఇచ్చిందనుకుందాం, 4,596కి వస్తుంది. నాలుగేళ్లు క్లెయిమ్ లేదు కాబట్టి మీకు 45 శాతం నో క్లెయిమ్ బోనస్. అది తీసేస్తే 2,528.

ఇప్పుడు ఐడీవీని రెండున్నర లక్షలకి దించండి. అదే లెక్కలో ఓన్ డ్యామేజ్ 1,806 అవుతుంది. 18 శాతం జీఎస్టీతో కలిపి మీకు మిగిలింది 852 రూపాయలు. కారు దొంగతనం పాలైతే పోయేది లక్ష. 852 కోసం లక్ష వదులుకునే బేరం ఎవరూ తెలిసి చేయరు. తెలియక చేస్తున్నారు, ఎందుకంటే తెరమీద ప్రీమియం పెద్ద అక్షరాల్లో, ఐడీవీ చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఐడీవీ తగ్గిస్తే ఇంకో నష్టం కూడా ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద కడతారు. మూడున్నర లక్షల ఐడీవీకి ఆ గీత 2,62,500 దగ్గర ఉంటుంది. రెండున్నర లక్షలకి 1,87,500 దగ్గరే వచ్చేస్తుంది. అంటే రెండు లక్షల రిపేరుతో మళ్లీ రోడ్డెక్కాల్సిన కారు, ఐడీవీ తక్కువ పెట్టుకున్నందుకు స్క్రాప్ వైపు వెళ్తుంది. ఆ డబ్బుతో అలాంటి కారు మళ్లీ కొనలేరు.

ఇక జీరో డెప్, అంటే విడిభాగాలకి తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్. ‘ఫుల్ ఇన్సూరెన్స్ ఉందండీ, ఒక్క రూపాయి పడదు’ అనుకుని షెడ్డుకి వచ్చేవాళ్లే ఎక్కువ. పాలసీ కాగితంలో ఫుల్ ఇన్సూరెన్స్ అనే మాటే ఉండదు. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో, అంటే పైన చెప్పిన రెండు భాగాలూ ఉన్నదాంట్లో, విడిభాగాలకి తరుగు కోస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకి సగం. ఫైబర్‌కి 30 శాతం. అద్దాలకి తరుగు లేదు. ఇనుప భాగాలకి కారు వయసును బట్టి: నాలుగేళ్లు దాటి అయిదు లోపుంటే 35 శాతం, అయిదు దాటితే 40, పదేళ్లు దాటితే 50.

ముందువైపు ఓ మోస్తరుగా గుద్దుకున్న బిల్లు ఒకటి తీసుకోండి. బంపర్ 4,000, హెడ్‌ల్యాంప్ 6,000, ఫెండర్ 3,000, పెయింటింగ్ 8,000, లేబర్ 4,000, క్లిప్పులు, కూలెంట్ లాంటివి 600. మొత్తం 25,600. బంపర్‌లో సగం అంటే 2,000, హెడ్‌ల్యాంప్‌ కూడా ప్లాస్టిక్ కిందికే వస్తుంది కాబట్టి 3,000, ఫెండర్‌లో 35 శాతం అంటే 1,050 కోస్తారు. పెయింటింగ్‌ బిల్లులో నాలుగో వంతును సామాను ఖర్చుగా పట్టి అందులో సగం కోస్తారు, అది 1,000. క్లిప్పులు, కూలెంట్ మొత్తం మీ మీదే. దీని పైన ప్రతి క్లెయిమ్‌కీ తప్పనిసరి డిడక్టబుల్, అంటే మీరే భరించాల్సిన వాటా, 1,500 సీసీ దాకా 1,000 రూపాయలు. అన్నీ కలిపితే మీ చేతి నుంచి పడేది 8,650. జీరో డెప్ ఉంటే 1,600తో బయటపడతారు. నాలుగేళ్ల కారుకి, సిటీ ట్రాఫిక్‌లో తిరిగేదానికి, జీరో డెప్ రెండు వేల చిల్లరలో వస్తే తీసుకోవాల్సిందే. కానీ ఏడాదికి ఎన్ని క్లెయిములకి వర్తిస్తుందో అడగండి. రెండే అని పరిమితి పెట్టే కంపెనీలున్నాయి. చాలాచోట్ల కారుకి అయిదేళ్లు నిండాక ఈ కవర్ ఇవ్వరు కూడా. అందుకే మీకు ఇంకో ఏడాది మాత్రమే దొరకొచ్చు.

ప్రతి గీతకీ క్లెయిమ్ వేయమని వర్క్‌షాప్ సలహాదారు చెబుతాడు. ఆయనకి పని దొరుకుతుంది, మీకు బోనస్ పోతుంది. 45 శాతం మీద ఉన్నవాళ్లు ఒక్క క్లెయిమ్ వేస్తే వచ్చే ఏడాది రావాల్సిన 50 శాతం బోనస్ సున్నా అవుతుంది. తర్వాత 20, 25, 35, 45 అంటూ మెట్లెక్కి మళ్లీ 50కి చేరేలోపు, పైన చెప్పిన 4,596 మీదే లెక్కేస్తే జీఎస్టీతో కలిపి సుమారు 6,800 రూపాయలు అదనంగా కడతారు. ఏటా ఐడీవీ పడిపోతుంది కాబట్టి అసలు లెక్క దీనికన్నా కాస్త తక్కువే వస్తుంది. కాబట్టి కంపెనీ ఇచ్చే డబ్బు ఆరేడు వేలు దాటకపోతే సొట్ట తీయించుకుని ఊరుకోవడమే లాభం. డోరు మీద గీతకి సొంత డబ్బే మేలు.

బోనస్ గురించి ఇంకో మాట. అది మనిషిది, కారుది కాదు. పాత కారు అమ్మి కొత్తది కొంటే పాత కంపెనీ నుంచి బోనస్ లెటర్ తీసుకుని కొత్త కారుకి వాడుకోవచ్చు, మూడేళ్లదాకా చెల్లుతుంది. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం పెద్దది కాబట్టి 50 శాతం బోనస్ వేలల్లో ఉంటుంది. షోరూమ్‌లో ఎవరూ గుర్తుచేయరు. అలాగే పాలసీ గడువు దాటి 90 రోజులు గడిస్తే మొత్తం బోనస్ పోతుంది. క్లెయిమ్ తీసుకుని కూడా ‘లేదు’ అని టిక్ కొట్టించే ఏజెంట్లు ఉన్నారు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి తెలుసుకుంటుంది. ఆ అబద్ధం మీ క్లెయిమ్ రోజున బయటపడుతుంది, ఏజెంటు అప్పుడు ఫోన్ ఎత్తడు.

ఇప్పుడు వానల సంగతి. హైదరాబాద్‌లో సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్లు ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్లు చేరి పాడైన ఇంజిన్ ఖర్చు ఇచ్చే అదనపు కవర్) గురించి ఆలోచించకుండా ఉండకూడదు. 2020 అక్టోబర్‌లో ఇక్కడ కాలనీలు మునిగాయి, 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. వరద నష్టం కాంప్రహెన్సివ్ పాలసీలో ఉంటుంది. సీట్లు, కార్పెట్, వైరింగ్, కంట్రోల్ యూనిట్ అన్నీ వస్తాయి, తరుగు పోను. గొడవంతా ఇంజిన్ దగ్గరే. నీళ్లు దిగాక తలుపు మీద మట్టి గీత ఎక్కడిదాకా ఉందో కూడా చూడకుండా తాళం తిప్పి సెల్ఫ్ కొడతారు. ఎయిర్ ఫిల్టర్ గుండా వెళ్లిన నీళ్లు సిలిండర్‌లో ఉంటాయి. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. పిస్టన్ పైకి వెళ్లి ఆ నీటిని ఢీకొని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ విప్పగానే, నష్టం అంచనా వేసే సర్వేయర్‌కి ఆ వంగిన రాడ్ కనిపిస్తుంది. ఆగి ఉన్న ఇంజిన్‌లో రాడ్ వంగదు కాబట్టి, ఎవరో స్టార్ట్ చేశారని దానితోనే తేలిపోతుంది. వరద వల్ల నేరుగా జరిగిన నష్టం కాదు, తర్వాత మీరు చేసిన పని వల్ల జరిగింది అని రాసి ఇంజిన్ ఖర్చు తీసేస్తారు. లక్ష పైచిలుకు బిల్లు మీ నెత్తిన పడుతుంది.

అందుకని కారు నీళ్లలో ఉంటే ఇంజిన్ మాట అటుంచి, మీటర్ వెలుగుతుందో లేదో చూడ్డానికి కూడా తాళం తిప్పొద్దు, స్టార్ట్ బటన్ నొక్కొద్దు. నీళ్లు దిగాక బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీయండి. తలుపు మీద, డ్యాష్‌బోర్డ్ మీద నీటి గీత కనిపించేలా, నంబర్ ప్లేటు పడేలా ఫొటోలు తీయండి. అదే రోజు కంపెనీకి చెప్పండి. తాడు కట్టి లాగించొద్దు, ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లమనండి. గేరులో ఉండగా లాగినా ఇంజిన్ తిరుగుతుంది, సెల్ఫ్ కొట్టినట్టే. సర్వేయర్ చూడకముందు షెడ్డులో ఏదీ విప్పనివ్వొద్దు. ఇంజిన్ ప్రొటెక్ట్ ఉన్నా ఇవన్నీ పాటించాలి, ఎందుకంటే మునిగాక స్టార్ట్ చేస్తే ఆ కవర్ కింద కూడా కొర్రీ పెడతారు.

డబ్బు మిగుల్చుకునే చోట్లు వేరే ఉన్నాయి. ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మీ బైక్ పాలసీలోనో, విడిగానో ఇప్పటికే ఉంటే కారుకి మళ్లీ కట్టక్కర్లేదు, ఆ గడి తీసేయమనండి. తాళం కవర్, సామాన్ల కవర్, టైర్ కవర్ నాలుగేళ్ల హ్యాచ్‌బ్యాక్‌కి అనవసరం. షోరూమ్ 14,200లో ఇవే ఉంటాయి, వరుసగా చదివించుకోండి. స్వచ్ఛంద డిడక్టబుల్ పెట్టుకుంటే ప్రీమియం తగ్గుతుంది గానీ, పాత టారిఫ్‌లో 2,500 భరించడానికి ఒప్పుకుంటే వచ్చే తగ్గింపు 750కి మించదు. బండి తక్కువ తిప్పేవాళ్లకే అది లాభం.

కారు పాతబడిందని థర్డ్ పార్టీ మాత్రమే కడదామనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో మీ కారులో కూర్చున్నవాళ్లకి కవరేజీ ఉండదు. కాంప్రహెన్సివ్‌లో ఉంటుంది. పెళ్లికి చుట్టాలని ఎక్కించుకుని వెళ్తూ ప్రమాదం జరిగితే, వాళ్ల పరిహారం మీ ఆస్తి నుంచి కట్టాల్సి రావచ్చు. పదేళ్లు దాటిన కారుకి కూడా కుటుంబంతో తిరిగేవాళ్లు కాంప్రహెన్సివ్ ఆపకూడదని నేను గట్టిగా చెబుతాను.

క్లెయిమ్ ఎగిరిపోయే మామూలు కారణాలు కూడా చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కారు కొని ఆర్సీ మార్పించుకుని పాలసీ పాత ఓనరు పేరు మీదే వదిలేస్తారు. 14 రోజుల్లో బదిలీకి దరఖాస్తు పెట్టకపోతే ఓన్ డ్యామేజ్ రాదు. సీఎన్‌జీ కిట్ బయట పెట్టించి ఆర్సీలో, పాలసీలో ఎక్కించరు. తెల్ల ప్లేటు కారుని అద్దెకి తిప్పుతారు. లైసెన్స్ గడువు దాటి ఉంటుంది. వీటిలో ఏది ఉన్నా ఎంత ఖరీదైన పాలసీ ఉన్నా క్లెయిమ్ రాకపోవచ్చు. అన్యాయంగా తిప్పికొట్టారనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోపు సరైన జవాబు రాకపోతే ఇన్సూరెన్స్ తగాదాలు తీర్చే, లక్డీకాపూల్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకీ అదే ఆఫీసు.

మీ మూడు కొటేషన్ల విషయానికొస్తే, ఏజెంటు చెప్పిన 9,800లో ఐడీవీ మూడున్నర లక్షలు, జీరో డెప్ రెండూ ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. ఉంటే అదే తీసుకోండి, పార్కింగ్ సెల్లార్‌లో అయితే ఇంజిన్ ప్రొటెక్ట్ కలిపించండి. ఆన్‌లైన్‌లో కూడా అదే ఐడీవీ, అవే కవర్లు పెట్టి ధర తీసి ఆయనకి చూపించండి, చాలాసార్లు తగ్గిస్తారు. గడువుకి మూడు నాలుగు వారాల ముందే మొదలుపెట్టండి. ఒక్క రోజు దాటినా కారు తనిఖీ చేస్తే గానీ పాలసీ ఇవ్వరు, ఆ మధ్యలో ఏం జరిగినా మీదే.